ట్యాబ్ కనిపెట్టిన కామెర్లు

ఆ గురువారం పొద్దున ప్రభాకర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఏడు వేలు పెట్టి తెప్పించిన ట్యాబ్‌ను సాయంత్రం లోపల అన్ని రకాలుగా పరీక్షించాలి. బాగుంటే ఉంచుకోవాలి, లేకపోతే వాపసు పంపాలి. బూర్గంపాడులో మోటార్లకు వైండింగు చేసే మనిషి కనుక నడిపి చూడనిదే ఏ వస్తువునూ నమ్మడు. పెళ్ళిచూపుల్లో పుష్పలతను పదిహేడో ఎక్కం అప్పజెప్పమన్నాడని ఆమె పుట్టింటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

వాపసుకు అదే ఆఖరి రోజు. మరి ముందు ఆరు రోజులూ ఏం చేశాడంటే, ఏమీ చేయలేదు. అమావాస్య ముందర పెట్టుకుని కొత్త మిషను డబ్బా తెరిస్తే ఊరుకునేది లేదని తల్లి జంపక్క ట్యాబ్‌ను బియ్యం డ్రమ్ము మీద కూర్చోబెట్టింది.

దాని మీద అసలు ఆశంతా పుష్పలతది. ఆమె జాకెట్ల మీద మగ్గం వర్కు చేస్తుంది. ఆమె పనితనం గురించి విన్న హైదరాబాదు బట్టల షాపు మేడం ఒకావిడ, ఆ సాయంత్రం నాలుగింటికి వీడియోలో చూపిస్తే ముప్పై జాకెట్ల ఆర్డరు ఇస్తానంది. ఇంట్లో ఉన్న రెండు ఫోన్లలోనూ మనిషి మొహమే మసక, ఇక జరీ పోగు ఏం కనబడుతుంది! ఏడేళ్ళుగా అందరి జాకెట్లూ కుట్టి కుట్టి, తన పేరు మీద ఒక్క పెద్ద ఆర్డరైనా రాదా అని ఎదురుచూసిన మనిషి ఆమె. ఆనందం పట్టలేక, మేడంకు చూపించబోయే తెల్ల జాకెట్‌కు రాత్రే ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

డబ్బా తెరవగానే జంపక్క పసుపు గిన్నెతో వచ్చింది.

"కొత్త మిషిన్‌కు పసుపు పెట్టకుండ నడుపుతవారా?"

"ఇది మిషిన్ గాదమ్మా, ట్యాబ్."

"కరెంటు తాగుతదా, తాగదా?"

"తాగుతది."

"మరింకేంది?" అంటూ, నూనెలో కలిపిన పసుపును దాని ముందు కెమెరా కన్నుకొకటి, వెనక కన్నుకొకటి బొట్లుగా పెట్టి దండం పెట్టింది. ఆ ఇంట్లో మిక్సీకీ, కూలరుకూ జరిగిన మర్యాదే అది. తల్లి అటు తిరగగానే ప్రభాకర్ లుంగీ అంచుతో ఒక్క తుడుపు తుడిచాడు. బొట్లు పోయాయి. పోయాయనే అనుకున్నాడు.

మొదటి పరీక్ష ఫోటో. పుష్పలత జాకెట్‌ను మంచం మీద పరిచి ఫోటో తీసి, ఎలా వచ్చిందో చూసుకోకుండానే హైదరాబాదు మేడంకు పంపేశాడు. "పది సెకండ్లల్ల పోయింది పుష్పా! గుర్రం గిది, గుర్రం!" అని గంతులేశాడు. రెండో పరీక్ష వీడియో కాల్. ఏన్కూరులో ఉన్న అక్క యశోదకు చేశాడు.

"అక్కా, కనబడుతున్ననా?"

"అవ్, మంచిగ కనబడుతున్నవ్ గని... గట్ల పచ్చగున్నవేంది తమ్మీ?"

"క్వాలిటీ అక్కా! గందుకే గట్ల మెరుస్తున్న."

"మెరుపు గాదురా, కండ్లు గుడ పచ్చగనే ఉన్నయ్! అయ్యో దేవుడా, కామెర్లురా నీకు!" అంటుండగానే సిగ్నల్ పోయింది.

ప్రభాకర్ తెరలో తన మొహం తాను చూసుకున్నాడు. నిమ్మపండులా ఉంది. వరండా గోడలకు వేసిందే పసుపు రంగు కనుక వెనకాల తేడా ఏమీ తెలియలేదు. పరుగెత్తి అద్దంలో చూసుకున్నాడు. మామూలుగానే ఉంది.

"మంచిగనే ఉన్నవ్ గదయ్యా," అంది పుష్పలత. "పొద్దున ఎనిమిది ఇడ్లీలు తిన్నవ్."

"గా అద్దం మన పెండ్లప్పటిది. దానికేం తెలుసు? ఇది నిన్నమొన్నటి కెమెరా!"

అప్పుడే కొత్త ట్యాబ్ చూద్దామని పక్కింటి లూకా వచ్చాడు. చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మంచి మనిషి, కాకపోతే వార్త నోట్లో నిలవదు. ప్రభాకర్ భుజం మీదుగా వంగి చూసేసరికి తెరలో తన మొహమూ పచ్చగా కనబడింది. లూకా రెండు బుగ్గలూ తడుముకున్నాడు.

"అన్నా, నాకు గుడ ఉంది! మనిద్దరం తాగేది ఒక్క ట్యాంకు నీళ్ళే గదా?"

అంతే. అరగంటలో వాడకట్టంతా వరండా ముందు వరస కట్టింది. రోగినన్న సంగతి మరిచిపోయి ప్రభాకర్ డాక్టరైపోయాడు. "మొహం ఎత్తు. కండ్లు తెరువు. ఉంది. తర్వాత ఎవరు?" అని ఉత్సాహంగా కేకలు వేస్తున్నాడు. నలభై ముగ్గురిని చూస్తే నలభై ముగ్గురికీ ఉంది! దూలయ్య అనే పెద్దమనిషి అనుమానం తీరక తన బర్రెను తోలుకొచ్చాడు. దాన్నీ చూశారు. నల్లగా, నిగనిగలాడుతూ ఉంది.

"బర్రెకు లేదు! అది వాగు నీళ్ళు తాగుతది!" అని లూకా అరిచాడు.

దానితో నేరం ట్యాంకు మీద రుజువైపోయింది. ఆడవాళ్ళు బిందెలు తెచ్చి వీధిలో కుమ్మరించారు. ఒకరు వెళ్ళి వాల్వు కట్టేశారు. సర్పంచి దవాఖానాకు ఫోన్ చేస్తే వ్యాన్ బయలుదేరిందన్నారు. జంపక్క కొడుకుకు ఉప్పూ నూనే బందు పెట్టి, కామెర్లకు పసరు పోసే పగిడయ్యకు అడవి గూడేనికి కబురంపింది.

మూడున్నర దాటింది. ట్యాబ్ ఇంకా జనం చేతుల్లోనే తిరుగుతోంది.

"ఏమయ్యా, నాలుగింటికి నా కాల్ ఉంది. ఇస్తవా, ఇయ్యవా?" అని పుష్పలత ఏడుపు గొంతుతో అడిగింది.

"ఊరంతా పాణాల మీదికొస్తే నీ జాకెట్ల లొల్లేంది?" అన్నాడు ప్రభాకర్. ఆమెకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో పగిడయ్య వచ్చాడు. ముసలాయన తొందరపడే రకం కాదు. ప్రభాకర్‌ను ఎండలో నిలబెట్టి కనురెప్ప కిందకు లాగి చూశాడు, గోళ్ళు చూశాడు, అరచేయి నొక్కి చూశాడు.

"నీకేం లేదు. పొయ్యి పని చేస్కో."

"లేదంటవేంది తాతా? ట్యాబ్‌ల కనబడ్డది!" అని జనం గోల చేశారు.

"ఏదీ, నన్ను చూడనియ్యి." పగిడయ్య ట్యాబ్ తీసుకుని మొహం చూసుకున్నాడు. పచ్చగా ఉంది. దాన్ని కిందికి దించి తన ఒంటి కేసి తిప్పి ఇంకోసారి చూశాడు. తరువాత తాపీగా తలెత్తాడు.

"మనుషులకంటే వచ్చినయనుకుందాం. నా పంచెకు గుడ కామెర్లొచ్చినయా?"

అందరూ ట్యాబ్ మీదికి వంగారు. ఉతికి కట్టిన మల్లెపువ్వులాంటి పంచె, తెరలో మాత్రం పచ్చగా మెరుస్తోంది. పుష్పలత ట్యాబ్ లాక్కుని దాని కన్నును గోటితో గీరింది. గోటికి పసుపు అంటింది. అందరూ జంపక్క వైపు తిరిగారు.

"నా దిక్కు చూస్తరేంది? మిక్సీకి ఎన్నడన్న కామెర్లొచ్చినయా?" అని ఆవిడ గట్టిగానే అడిగింది.

సర్పంచి వ్యాన్‌ను వెనక్కి పంపడానికి ఫోన్ పట్టుకుని మూలకు నడిచాడు. బిందెలు కుమ్మరించిన ఆడవాళ్ళు ప్రభాకర్‌ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. దూలయ్య ఒక్కడే బర్రెను నిమురుతూ సంతోషంగా ఇంటికి పోయాడు.

సరిగ్గా అప్పుడే నాలుగైంది, కాల్ మోగింది. పుష్పలత సబ్బునీళ్ళ గుడ్డతో ట్యాబ్ రెండు కళ్ళూ తుడిచి, జాకెట్ ఎత్తి చూపించింది. ప్రతి పోగూ స్పష్టంగా కనబడుతోంది. అవతల మేడం మొహం మాత్రం చిన్నబోయింది.

"ఇది తెల్లగా ఉందేంటమ్మా? పొద్దున ఫోటోలో పసుపు రంగుది పంపావు. నాకు పెళ్ళి పసుపు ఫంక్షన్లకు ఆ రంగే కావాలి. తెల్లవి నా దగ్గర చాలా ఉన్నాయి. అది లేకపోతే వద్దులే."

ముప్పై జాకెట్లూ కళ్ళ ముందే జారిపోతున్నాయి. పుష్పలత ఒక్క క్షణం తటపటాయించింది. అబద్ధం ఆడదామంటే చుట్టూ నలభై మంది సాక్షులు.

"మేడం, గా రంగు గుడ్డది గాదు," అని మొదలుపెట్టి బొట్టు నుంచి బర్రె దాకా మొత్తం చెప్పేసింది. మేడం నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది.

"సరే, తెల్ల గుడ్డకు ఆ రంగు అద్దగలవా?"

పుష్పలత నోరు తెరిచేలోపే వెనక నుంచి పగిడయ్య అందుకున్నాడు. "మోదుగు పువ్వు ఉడకబెడితే అచ్చం గదే రంగొస్తది బిడ్డా. మా గూడెంల ఎండబెట్టింది బస్తెడుంది."

"అద్దుతా మేడం! ముప్పై గాదు, మూడొందలైనా అద్దుతా!" అని పుష్పలత ఎగిరి గంతేసినంత పని చేసింది. అంతదాకా తిడుతున్న ఆడవాళ్ళే చప్పట్లు కొట్టారు. వాపసు మాట ఎత్తే ధైర్యం ప్రభాకర్‌కు లేకపోయింది.

"ఆర్డరు రాసుకుంటున్నా. రంగు పేరేమని రాయను?" అని మేడం అడిగింది.

పుష్పలత, ఎందుకైనా మంచిదని మూలన నిలబడి ఇంకా ఉప్పు లేని గంజే తాగుతున్న మొగుడి కేసి ఒకసారి చూసింది.

"ప్రభాకర్ పసుపు అని రాయుండ్రి మేడం."

ముప్పై జాకెట్లూ పది రోజుల్లో అమ్ముడుపోయాయి. ప్రభాకర్‌ను అంతమంది ఇష్టపడటం అదే మొదటిసారి.