ఎవరూ దగ్గని ఉదయం

ఆనాటి ఉదయానికి డాక్టరుగారు వేసుకున్న పథకం సాదాసీదాది. వైద్యకళాశాల నుంచి ఆఖరి సంవత్సరం విద్యార్థిని ఒకామె ఆయన చిన్న ఆసుపత్రిలో ఒక రోజు గడపడానికి వస్తోంది. గుండె నిపుణురాలు కావాలని ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది. అన్ని జబ్బులూ చూసే మామూలు డాక్టరుగా ఉండటంలోని రుచి ఆమెకు తెలిస్తే, ఆయన తరవాత ఈ ఆసుపత్రికి ఒక మనిషి ఉంటుంది. లేకపోతే తాళమే. ఇంతకుముందు వచ్చిన ఇద్దరూ సాయంత్రానికల్లా స్పెషలిస్టులైపోయారు.

"ఏదీ దాచొద్దు. రోజూ ఉండే గోలంతా ఆ అమ్మాయి చూడాలి," అని నర్సమ్మకు ముందురోజే చెప్పాడు.

నర్సమ్మ అభిప్రాయం వేరు. ఆ గోల చూసే కదా ఆ ఇద్దరూ పారిపోయారు! ఆరోజు వచ్చిన రోగులందరి చెవినా ఒక మాట వేసింది: "రేపొచ్చే పిల్లని జబ్బులతో బెదరగొట్టకండి. ఆమె కూడా పోతే మనకింక డాక్టరుండడు."

తెల్లవారి తలుపు తీసేసరికి హాలు నిండిపోయింది. చప్పుడు మాత్రం లేదు. అందరూ నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకే తీరుగా నవ్వుతున్నారు. ఆ కళ్ళన్నీ కలిసి విద్యార్థినితోపాటు గుమ్మం నుంచి కుర్చీదాకా కదిలాయి. గోడగడియారానికి అంత గొంతు ఉందని డాక్టరుకు ఆనాడే తెలిసింది.

మొదట దగ్గుల మాస్టారు లోపలికి వచ్చాడు. ఆ బిరుదు ఆయనకు ఊరికే రాలేదు.

"దగ్గెలా ఉంది మాస్టారూ?"

"ఏ దగ్గు?"

ఆయన ముఖం వంకాయరంగుకు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళతో, బిగించిన పెదవులతో, నవ్వుతూనే లేచి వెళ్ళిపోయాడు. తరవాత వచ్చిన దర్జీ, ఏళ్ళుగా మోసుకొచ్చే చేతికర్ర లేకుండా నడిచి, "నాకు మోకాళ్ళున్న సంగతే గుర్తుండదండీ," అన్నాడు. అతని వెనక వచ్చినామె, "షుగరా? నాకా? ఎవరు చెప్పారు?" అంది.

"మీరే రాశారా సార్ ఈ మందులన్నీ?" అని విద్యార్థిని వాళ్ళ పాత చీటీలు తిరగేస్తూ మెల్లగా అడిగింది. ఆ ప్రశ్నలోని మర్యాద ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

డాక్టరు హాల్లోకి పరిగెత్తాడు. "ఒక్కరైనా దగ్గండయ్యా! మీకు పుణ్యముంటుంది!"

ఎవరూ దగ్గలేదు. నవ్వులు మరికొంచెం సాగాయి. అద్భుతాలను జీవితమంతా కొట్టిపారేసిన ఆయనకు, హాలెడు ఆరోగ్యం ఎదుట కూర్చుని రెప్పవేయకుండా చూస్తూంటే వెన్ను జలదరించింది. ఇన్నేళ్ళూ తాను మందులిచ్చింది ఎవరికి? అసలు వీళ్ళు... హేతువాది గనుక ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు.

విద్యార్థిని సంచీ భుజాన వేసుకుంది. "కాలేజీకి ఫోన్ చేయాలి సార్." గుమ్మందాకా వెళ్ళి ఆగిపోయింది. చివరి బెంచీమీద ఒక ముసలమ్మ అందరిలాగే నవ్వుతోంది. కాని ఫ్యాను కింద కూర్చున్నా ఆమె నుదురు తడిసి ఉంది. ఒక చెయ్యి ఛాతీని అదిమి పట్టుకుని ఉంది.

"అమ్మమ్మా, నొప్పిగా ఉందా?"

"లేదు తల్లీ."

"మరి చెయ్యి అక్కడెందుకుంది?"

"దానిష్టం."

"చెప్పకపోతే ప్రాణం మీదికొస్తుంది!"

"చెబితే నువ్వు పారిపోతావుటగా. ఇక్కడే ఉంటానని మాటివ్వు, చెబుతా."

విద్యార్థిని నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ నేల వైపు చూసింది.

"ఉంటాను! చెప్పండి!"

"ఛాతీ పట్టేసిందే తల్లీ, పొద్దుట్నుంచీ!"

అంతే. మాస్టారు దగ్గాడు. కిటికీ అద్దాలు అదిరాయి. దర్జీ "అబ్బా మోకాళ్ళు!" అంటూ కూలబడ్డాడు. అన్నాళ్ళ జబ్బులూ ఒక్క గొంతుతో తిరిగొచ్చాయి. ఆ గోలలోనే విద్యార్థిని ఈసీజీ తీసింది, అంబులెన్సును పిలిపించింది; డాక్టరుకు పనులు పురమాయించింది కూడా. దగ్గు విని అంతగా మురిసిన వైద్యుడు ఆయనకు ముందు ఉండి ఉండడు.

సాయంత్రం పెద్దాసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ముసలమ్మ గుండె భేషుగ్గా ఉంది. అది ఒట్టి గ్యాసు.

"కంగారులో ఇచ్చిన మాట, మరిచిపోమ్మా," అన్నాడు డాక్టరు, నిజాయితీగా, నీరసంగా.

"అదెలా సార్? గుండె నిపుణుల దగ్గరికి గుండె పట్టుకునే వస్తారు. ఇక్కడ ఏం పట్టుకొచ్చారో మనమే కనిపెట్టాలి. మాస్టారి ఊపిరి నాకు నచ్చలేదు, ఎక్స్‌రే తెమ్మన్నాను. చూడకుండా ఎలా పోతాను?"

మర్నాడు ముసలమ్మ అందరికన్నా ముందు వచ్చి కూర్చుని, ఇవాళ నడుం నొప్పి అనీ, అయితే ఎక్కడో చెప్పడానికి తన షరతులు వేరే ఉన్నాయనీ అంది.