రమీజ తలుపు ఏ ఏరియా?

మమతకు అన్నిటికన్నా పెద్ద భయం, ఎదురింటి రమీజ తనతో మాట్లాడడం మానేస్తుందేమోనని. ఏడో తరగతితో చదువాగి, భర్త వెంట అరబ్బు దేశానికొచ్చిన మమతకు మెసైమీర్‌లో, బిడ్డకు జ్వరమొస్తే డాక్టరుతో హిందీలో మాట్లాడిపెట్టే మనిషి ఆమె ఒక్కతే. ఆ శుక్రవారం పొద్దున ఇద్దరూ కలిసి బిడ్డకు చెప్పులు కొనడానికి వెళ్ళాలనుకున్నారు.

ఈలోగా మమత భర్త గజేందర్ నేల మీద కాగితం పరిచాడు. తెలుగు కార్మికుల సంఘానికి అతను కార్యదర్శి. సంఘం ఎన్నికలకు ఏరియాలు విడగొట్టేది అతనే, మెసైమీర్ సీటుకు నిలబడేదీ అతనే. ప్రత్యర్థి రమీజ భర్త నాగూర్. గజేందర్ పెన్సిలు గీత మెలికలు తిరిగి, వాళ్ళ బిల్డింగ్‌లోకి దూరి, రెండిళ్ళ తలుపుల మధ్య నడవలోంచి సాగింది.

"గిదేంది, గీత మన వాకిట్లకెళ్ళి పోయింది?" అంది మమత.

"మన తలుపు మెసైమీర్‌ల, వాళ్ళది పక్క ఏరియా రయ్యాన్‌ల. ఏ ఏరియాల ఉన్నోడు ఆడ్నే నిలవడాలె. నాగూర్ ఖతం! పదింటికి గ్రూపుల పెడ్త," అని గజేందర్ స్నానానికి వెళ్ళాడు.

ఆ గొంతు నడవంతా వినబడింది. మరు నిమిషం రమీజ వాకిట్లో నిలబడింది.

"మీ ఆయప్ప మా తలుపు పీకి రయ్యాన్‌లో పడేసినాడా? ఆ కాగితం బయటికొస్తే ఇంగ మీ గడప తొక్కను మమతా!"

మమత పెన్సిలూ రబ్బరూ అందుకుంది. బాత్రూములో నీళ్ళ చప్పుడు ఆగేలోగా గీతను చెరిపి, రమీజ తలుపు అవతలికి జరిపి గీసింది. రెండిళ్ళూ మెసైమీర్‌లోనే ఉండాలని ఆమె తాపత్రయం. పాపం, కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంది. గీత జరిగింది తమ తలుపు అవతలికి. రెండిళ్ళూ రయ్యాన్‌లో పడ్డాయి.

గజేందర్ తడితలతోనే ఫొటో తీసి, "ఇదే ఫైనల్. మార్చుడు లేదు" అని గ్రూపులో పెట్టాడు. కార్మికుల క్యాంపుల నుంచి మూడు వందల బొటనవేళ్ళు లేచాయి. అప్పుడు ఫొటో పెద్దది చేసి చూశాడు.

"అరే, నేను రయ్యాన్‌లకు ఎట్ల పోయిన?"

మమత రబ్బరును కొంగు చాటున దాచింది. అంతలో తలుపు దబదబా మోగింది. నాగూర్! కొట్టడానికే వచ్చాడనుకుని ఆమె బిడ్డను చంకనేసుకుంది.

నాగూర్ వచ్చీరాగానే గజేందర్‌ను కావలించుకున్నాడు. "నన్నొక్కణ్ణే పంపలేక నువ్వూ వచ్చినావా అన్నా! సీటు వదులుకున్న మనిషిని నిన్నే చూస్తాండా. గ్రూపులో రాసేసినా!"

ఆ రాతకు మూడు వందల దండాలు వచ్చాక గజేందర్ కాదనలేకపోయాడు. మెసైమీర్‌లో పోటీకి మిగిలింది, సరదాకి పేరిచ్చిన చాయ్ హన్మాండ్లు ఒక్కడే. సాయంత్రానికల్లా ఏకగ్రీవంగా గెలిచాడు.

"యల్లా, చెప్పులకు పోదాం పా మమతా," అని రమీజ ఆమె భుజం మీద చెయ్యేసింది, "ఇంగ మనిద్దరిదీ ఒకటే ఏరియా."

మీలో ఎవరైనా అటు వెళ్తే గజేందర్‌ను ఒక్కసారి చూసి రండి. బిల్డింగ్‌ను నాలుగడుగులు పక్కకు జరపడం కుదురుతుందా అని వాచ్‌మన్‌ను అడుగుతున్నాడట.