కార్యదర్శి వేలు

ఆ ఉదయం రేవు సంఘం కార్యదర్శి వేసుకున్న పథకం చాలా చిన్నది. గోదాములో పేరుకుపోయిన పాత కుర్చీలు, బల్లలు, తుప్పుపట్టిన బీరువాలు మర్నాడు పది గంటలకు అమ్మకానికి పెట్టాలి. వాటికోసం వచ్చిన జనాన్ని వచ్చినట్టే పట్టుకుని సర్వసభ్య సమావేశంలో కూర్చోబెట్టేయాలి. చేపకు ఎర వేసినట్టు సభ్యుడికి కుర్చీ వేయడమన్నమాట.

ఆలోచన ఆయన భార్యది. "సమావేశం అని బోర్డు పెడితే వచ్చేది మీరూ, మీ ఫ్యానూ! అమ్మకం అని పెట్టండి. చవగ్గా వస్తుందంటే పడకలో ఉన్నవాడు కూడా లేచొస్తాడు" అంది ఆవిడ.

ఆమె వెటకారంలో అతిశయోక్తి లేదు. పదేళ్ల కిందట పడవలవాళ్లు, వలలు అల్లేవాళ్లు, ఐసు ఫ్యాక్టరీవాళ్లు, క్రేను నడిపేవాళ్లు అందరూ ఏకమై, రేవుల శాఖతో పోట్లాడి రేవును తమ చేతుల్లోకి తెచ్చుకున్నారు. ఏ పడవ ఎక్కడ కట్టాలి, ఏ మెట్టు ఎప్పుడు బాగుచేయాలి, ఏ దీపం ఎక్కడ పెట్టాలి అన్నీ వాళ్ల ఇష్టమే. చేతుల్లోకి వచ్చాక అందరూ చేతులు కట్టుకున్నారు. రెండువందల నలభైమంది సభ్యుల్లో నూటయాభైమంది వస్తేనే కోరం. వరసగా మూడు సమావేశాలు వీగిపోయాయి. మూడోదానికి పదకొండుమంది వచ్చారు. వారిలో ఇద్దరు టీ కోసం, ఒకాయన దారి తప్పి. కార్యదర్శి "కోరం, కోరం" అని గొంతు చించుకుంటే, సభ్యులు "మేమూ కోరం" అన్నట్టు ఇళ్లలో కాళ్లు చాపుకున్నారు.

నాలుగోదీ వీగిపోతే రేవు తిరిగి శాఖ చేతికి పోతుంది. ఆ సంగతి చెబుతూ దక్షిణాన ఉన్న పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. తాళాలు తీసుకెళ్లడానికి అధికారి స్వయంగా ఆ సమావేశానికే సంచీతో వస్తున్నాడు. రేవును పోగొట్టిన కార్యదర్శిగా మిగిలిపోతానేమోనని మూడు వారాలుగా ఈయనకు అన్నం సహించడం లేదు.

బోర్డు రాసే పని బావమరిదికి పడింది. అతను పడవల మీద పేర్లు రాసే పెయింటరు. ఆఫీసు గోడకు ఆనించిన పెద్ద చెక్క మీద నీలం రంగుతో ఇలా రాశాడు:

రేపు అమ్మకం! ఉదయం పది గంటలకు. చాలా పాతది. ఉన్నది ఉన్నట్టు ఇవ్వబడును. ముందు వచ్చినవారికే.

"ఏరా, పాత సామాను అన్న ముక్క ఏదిరా?"

"చోటు చాల్లేదు బావా. అక్షరం అందంగా ఉండాలంటే కాస్త ఒళ్లు విరుచుకోవాలి కదా. పాతది అన్నాను, చాలదూ?"

"సరే. రంగు ఆరిందా?"

"లేదు. వేలు పెట్టకు బావా!"

ఆ మాట పూర్తయ్యేలోపే కార్యదర్శి వేలు పెట్టేశాడు. వేలు పెట్టకుండా ఉండడం ఆయన జాతకంలో లేదు. "ఆరలేదు" అని తానే తీర్పు చెప్పి, వేలు చొక్కా వెనక తుడుచుకుని గోదాములోకి వెళ్లిపోయాడు. బావమరిది అప్పటికే బ్రష్షులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లాడు.

ఆ వేలు ఆనింది రెండో అక్షరం నెత్తిన. మన లిపిలో పకూ వకూ తేడా వెంట్రుకవాసి. తలకట్టు విడిగా ఉంటే ప, ఒంటికి అతుక్కుంటే వ. కార్యదర్శి వేలు ఆ సందును శుభ్రంగా పూడ్చేసింది. ప నోరు మూసుకుంది. ఊరు నోరు తెరిచింది. ఎందుకంటే బోర్డు మీద ఇప్పుడున్నది "రేవు అమ్మకం!"

మొదట చూసింది ఐసు ఫ్యాక్టరీ యజమాని. అందరికీ ఐసు బాబాయి. వ్యాపారం చల్లన, మనిషి వేడి. వెంటనే ఫోను కొట్టాడు.

"ఒరే కార్యదర్శీ! బోర్డు చూశాను. అమ్మకం నిజమేనా?"

"నిజమే బాబాయ్. ఎన్నాళ్లని పెట్టుకుని కూర్చుంటాం? ఊరికే అడ్డం."

"అడ్డమా? మా నాన్న కాలంనాటిది కదరా!"

"అందుకేగా అమ్మేది! సగం తుప్పు, సగం చెదలు. దగ్గరికెళ్తే కంపు."

"మరి మమ్మల్నెవర్నీ అడగక్కర్లేదా?"

"ఈపాటిదానికి అందర్నీ అడుగుతామా? మా ఆవిణ్ణి అడిగాను, సరేనంది. అసలు ఐడియా తనదే."

"మీ ఆవిడదా! ఇంతకీ ఎవడికిస్తున్నావురా?"

"ముందొచ్చినవాడికి. రేపు నువ్వూ రా బాబాయ్, నచ్చిన ముక్క పట్టుకుపో. లారీ మాత్రం నువ్వే తెచ్చుకో."

ఐసు బాబాయి ముందు కరిగిపోయాడు, తర్వాత మరిగిపోయాడు. మరిగిన నీళ్లు ఒకచోట ఉండవు. అరగంటలో కబురు గట్టు దాటింది. మధ్యాహ్నానికి రేవును కొన్నవాళ్లు హోటలు కంపెనీవాళ్లయ్యారు. సాయంత్రానికి ఆ హోటల్లో కార్యదర్శికి మేనేజరు ఉద్యోగం ఖాయమైంది, భార్యకు సముద్రంవైపు గది కూడా ఇచ్చేశారు. సముద్రంలో ఉన్న పడవలు ఫోన్లు అందుకుని వెనక్కి తిరిగాయి. క్రేను నడిపే ఆవిడ, ఊరంతా క్రేనక్క అంటారు, తన క్రేనును తెల్లారేసరికి గేటుకు అడ్డంగా నిలిపి తాళం కొంగున ముడేసుకుంది. "రేవును ఎవడెత్తుకుపోతాడో చూస్తాను! ఎత్తడమంటూ ఉంటే నేనే ఎత్తాలి" అంది.

ఇవేవీ తెలియని కార్యదర్శి ఆఫీసు వెనకే ఉన్న ఇంట్లో టిఫిను దగ్గర హుషారుగా ఉన్నాడు.

"వేలికి ఆ నీలమేంటండీ?" అంది భార్య.

"పనిచేసేవాడి వేలే అది!"

"ఎందులో పెట్టారో!"

పది గంటలకు ఆఫీసు తలుపు తీసిన కార్యదర్శికి కళ్లు చెదిరాయి. ముంగిట రెండువందల మందికి పైగా జనం. కొందరి భుజాల మీద తెడ్లున్నాయి. బీరువాలు, కుర్చీలు ముందే బయట వరసగా పెట్టించాడు గనుక ముసలివాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. పదకొండు కుర్చీలకు ఇంత గిరాకీయా అని ఆయన గుండె పొంగింది. మైకు అందుకున్నాడు.

"తోసుకోకండి! ఎవరినీ వట్టి చేతులతో పంపను. తలా ఒక ముక్క ఇచ్చేస్తాను!"

జనం భగ్గుమన్నారు. "మా రేవును ముక్కలు చేస్తావా?" అని ఒకరు, "ముందు నిన్ను చేస్తాం!" అని ఇంకొకరు. సరిగ్గా అప్పుడే అధికారి వచ్చాడు. క్రేను కింద నుంచి వంగి దూరి రావడంతో జుట్టుకు గ్రీజు అంటుకుంది. చేతిలో తాళాల కోసం తెచ్చిన ఖాళీ సంచీ ఉంది. ఆయన ఫైలు తెరిచి, ఆ గోలలో కార్యదర్శి చెవిలో అరిచాడు.

"నాకు వేరే ఏమీ వద్దండీ! కోరం ఉందా, లేదా?"

కార్యదర్శి నోరు తెరిచేలోపు క్రేనక్క కుర్చీ ఎక్కి చెయ్యెత్తింది. "రేవు అమ్మకం మనం కోరతామా?"

"కోరం!" అన్నారు జనం.

"గట్టిగా!"

"కోరం! కోరం! కోరం!"

అధికారి చెవులు మూసుకుని రాసుకున్నాడు: కోరం ఉన్నదని సభ్యులే ముక్తకంఠంతో తెలియజేశారు. అంతలో ఐసు బాబాయి ఒక కాగితాల కట్ట ఆయన మొహాన పెట్టాడు. "రెండువందల పన్నెండు సంతకాలు! అమ్మితే ఊరుకోం!" అధికారి వెంటనే వాటిని హాజరు పట్టికలో కుట్టేశాడు.

"అమ్మకం ఏంటి బాబాయ్, కుర్చీలకోసం ఇంత గొడవా?" అన్నాడు కార్యదర్శి బిక్కమొహంతో.

"కుర్చీలా? బోర్డు చూడు!"

చూశాడు. "ఒరే బావమరిదీ! ఎంత పని చేశావురా! పు రాయమంటే వు రాశావు!"

"నేను పు రాశాను బావా! పడవల మీద పన్నెండేళ్లుగా రాస్తున్నాను. నా పు ఎక్కడున్నా గుర్తుపడతాను. ఇది నా పు కాదు!"

అప్పుడు కదిలింది కార్యదర్శి భార్య. మొగుడి చెయ్యి పట్టి బోర్డు దగ్గరికి లాక్కెళ్లింది. నీలం మరకున్న వేలు పైకెత్తి, వు నెత్తిన ఉన్న మచ్చ మీద ఆనించింది. గీతలతో సహా అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"ప్రతిదాంట్లో వేలు పెట్టొద్దని పదిహేనేళ్లుగా మొత్తుకుంటున్నాను" అంది ఆవిడ, మైకు పక్కనే ఉందని తెలియక.

జనం పగలబడి నవ్వారు. ఐసు బాబాయి నవ్వి నవ్వి బీరువాకు ఆనుకుంటే దాని తలుపు ఊడి చేతికొచ్చింది. అమ్మకం లేదని తేలాక ఒక్కొక్కరే చల్లగా గేటువైపు జారుకోబోయారు. కాని గేటుకు అడ్డం క్రేను, దాని కింద దూరే సందుకు అడ్డం క్రేనక్క, తాళం ఆమె కొంగున.

"ఎక్కడికి? పోతుందంటే పరిగెత్తుకొచ్చారు, ఉందంటే పారిపోతారా? కూర్చోండి!"

"అది నిజమే" అన్నాడు ఐసు బాబాయి, ఊడిన తలుపు నేల మీద పరుచుకుని కూర్చుంటూ. "రాత్రంతా నిద్రపట్టలేదు. ఈ రేవు ఇంత మనదని నాకే తెలీదు."

సమావేశం మధ్యాహ్నం రెండింటిదాకా జరిగింది. విరిగిన తూర్పు మెట్ల గురించి నలభైమంది మాట్లాడారు. ముప్పైతొమ్మిదిమంది ఒకే మాట చెప్పారు. మూడు కాళ్ల కుర్చీలో గోడకు ఆనుకుని కూర్చున్న అధికారి అన్నీ రాసుకున్నాడు. పోతూ పోతూ ఖాళీ సంచీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ ఒక్కటీ అమ్ముడుపోలేదు. అవే చాలలేదని ఇంకో యాభై చేయించాలని నిర్ణయమైంది.

ఆ రోజు తీర్మానాలు మూడు. రేవు సంఘం చేతుల్లోనే ఉండాలన్నది ఒకటి, తూర్పు మెట్లు బాగుచేయాలన్నది రెండు, ఇకమీదట సమావేశం బోర్డు ఏది రాసినా రంగు ఆరేలోగా కార్యదర్శి తప్పనిసరిగా వేలు పెట్టాలన్నది మూడు. మొదటి రెండూ ఏకగ్రీవం. మూడోదానికి వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు పడింది, అది ఆయన భార్యది.