ఊరి పేరు రాయని టెలిగ్రాం

జూలై మొదటి గురువారం ఉదయం జాబెజ్ పెంగెల్లీ గడ్డం గీసుకుంటూ, ఇవాళ ఆ టెలిగ్రాం ఇచ్చి తీరాలని నిశ్చయించుకున్నాడు. కిందటి గురువారం కూడా ఇలాగే నిశ్చయించుకున్నాడు. ఆ రోజు తపాలా ఆఫీసు మెట్ల దాకా వెళ్ళి, వాన వచ్చేలా ఉందని తిరిగి వచ్చేశాడు. వాన రాలేదు. రాదని ఊళ్ళో అందరికంటే ముందు తెలిసినవాడు అతనే.

పోర్ట్ కార్లియన్ కొండ మీది ప్రభుత్వ వేధశాలలో పెంగెల్లీ రెండో సహాయకుడు. వయసు నలభై మూడు, పెళ్ళి కాలేదు. నక్షత్రాలు పెద్దాయన డాక్టర్ లిడ్జెట్ చూసుకునేవాడు, గడియారాలు మొదటి సహాయకుడు చూసుకునేవాడు. మిగిలిన వానా గాలీ పెంగెల్లీ పాలబడ్డాయి. ఇంగ్లీషువాళ్ళ వలసరాజ్యమైన ఆ కాలనీలో నలభై ఏడు చోట్ల పోస్టుమాస్టర్లు, లైట్‌హౌస్ కాపలాదార్లు, గొర్రెల ఎస్టేట్ల గుమాస్తాలు రోజూ ఉదయం తొమ్మిదింటికి బారోమీటరూ, వానకొలత డబ్బా చూసి అంకెలు తంతి ద్వారా పంపేవాళ్ళు. ఆ అంకెలన్నీ ఒక పటం మీద వేసి పెంగెల్లీ కొండ దిగువకు పంపితే, దాన్ని బట్టి హార్బర్ మాస్టర్ తుఫాను జెండా ఎత్తాలో వద్దో తేల్చుకునేవాడు.

పటంలో పడమటి కొసన ఉన్నది యాల్గరా బే. అక్కడి తంతి ఆఫీసు నడిపేది మిస్ లవ్‌డే కర్నో. పదకొండేళ్ళుగా ఆమె అంకెలు పెంగెల్లీకి వస్తూనే ఉన్నాయి. మనిషిని మాత్రం అతను ఒక్కసారీ చూడలేదు. పొడుగో పొట్టో తెలియదు. ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత పెడుతుందని తెలుసు.

నెలాఖరున వచ్చే కాగితంలో చివర ‘ఇతర విషయాలు’ అని ఒక గడి ఉండేది. తక్కినవాళ్ళు అందులో వడగళ్ళు, పొగమంచు అని రాసి ఊరుకునేవారు. మిస్ కర్నో ఒకసారి ఇలా రాసింది: ‘పందొమ్మిదో తారీఖు. గాలి బొత్తిగా లేదు. సముద్రం ఎవరి కోసమో ఆగి చూస్తున్నట్టుంది.’ అప్పట్లో కొత్తగా చేరిన పెంగెల్లీ ఎర్ర సిరాతో, ‘ఇది వాతావరణ విషయం కాదు’ అని జవాబు పంపాడు. తరవాత మూడు నెలలు ఆ గడి ఖాళీగా వచ్చింది. తన బతుకులో అంత చప్పటి నెలలు లేవని అతనికి అప్పుడే తెలిసింది. చివరికి నిబంధనల పుస్తకమంతా గాలించి, ‘ఏ గడీ ఖాళీగా ఉంచరాదు’ అన్న వాక్యం పట్టుకుని, దాన్ని పెద్ద అక్షరాలతో రాసి పంపాడు. పై నెల ఆ గడిలో పెలికన్ పక్షులు వచ్చాయి, చలికి మాడిపోయిన టొమాటో మొక్కలు వచ్చాయి, నిప్పుగూట్లో పడ్డ పిట్ట వచ్చింది. పెంగెల్లీ ఆ కాగితాన్ని మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాడు.

ఇప్పుడు ఆమె బారోమీటరు ఉండాల్సిన దానికంటే వెంట్రుకవాసి ఎక్కువ చూపిస్తోంది. ఆఫీసులో కూర్చుని ఆ తేడా తీసేస్తే సరిపోయేదే. కానీ పదకొండేళ్ళలో ఇంత చట్టబద్ధమైన సాకు దొరకలేదు. ‘మీ బారోమీటరు ఎక్కువ చూపుతోంది. వచ్చే బుధవారం దాన్ని తీసుకుని స్వయంగా రండి. ఇక్కడి దానితో పోల్చాలి. మిమ్మల్ని చూడటం నాకు చాలా సంతోషం. పెంగెల్లీ.’ ఆ చివరి వాక్యం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఊరి పేరు రాసే చోట మాత్రం చెయ్యి ఆడలేదు. కౌంటర్ దగ్గర నోటితో చెబుదామని వదిలేశాడు.

తపాలా ఆఫీసులో ముసలి ఫిన్నీ కాగితం అందుకుని చదివి, కళ్ళద్దాల మీంచి అతన్ని చూశాడు. “ఇది ఎక్కడికంటే...” అని పెంగెల్లీ మొదలుపెట్టాడు.

“ఎక్కడికో నాకు తెలీదా బాబూ. ఇన్నేళ్ళ నుంచి చూట్టంలా? మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాను.”

పెంగెల్లీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. తన సంగతి ఊళ్ళో ఇంతమందికి తెలిసిపోయిందా అనుకున్నాడు. సిగ్గు వేసింది, దాని అడుగున కాస్త హాయిగానూ ఉంది. ఊరి పేరు చెప్పకుండానే మెట్లు దిగి, కొండ ఎక్కేటప్పుడు ఈల కూడా వేశాడు. వేధశాల కాగితం మీద ఊరి పేరు లేకపోతే అది అన్ని కేంద్రాలకూ పంపాల్సిన సర్క్యులర్ అని ఫిన్నీకి ఇన్నేళ్ళ నుంచి తెలుసు. ఈ మాట పెంగెల్లీకీ తెలుసు. ఆ ఉదయం గుర్తు లేదు.

మర్నాడు అతను ఆఫీసుకు వచ్చేసరికి డాక్టర్ లిడ్జెట్ బల్ల నిండా టెలిగ్రాంలు. ముల్గా వెల్స్ నుంచి, అక్కడ వానకొలత చూసే ఒంటెల బిడారు యజమాని మీర్ దాద్ రెండు ఒంటెలతో రైలు స్టేషను దాకా వచ్చి అక్కణ్ణించి బండెక్కుతానన్నాడు. స్టార్లింగ్ హెడ్ లైట్‌హౌస్ నుంచి కాపలాదారు, తాను దీపం వదిలి రాకూడదు గనక భార్యను పంపుతున్నానన్నాడు. ఆ కింది వరసలో, భార్య ఇప్పటికే టోపీ పెట్టుకుని కూర్చుందని చేర్చాడు. బిర్రాబీన్ గొర్రెల ఎస్టేటు గుమాస్తా ఒకాయన ఇలా కొట్టాడు: ‘పద్దెనిమిదేళ్ళలో నన్ను చూస్తే సంతోషమని ఎవరూ అనలేదు. వస్తున్నాను.’

పెంగెల్లీ ఆ కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో పెద్దాయన లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. పరిశీలకులందరినీ ఒక్కసారి ఒకచోట చూడాలని ఆయన ఆరేళ్ళుగా ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకుంటున్నాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. “నా మనసులో మాట కనిపెట్టి నువ్వే చేసేశావయ్యా. నేను అడిగి అడిగి ముసలివాణ్ణయిపోయాను, నువ్వు అడక్కుండా చేశావు” అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అటువంటి కళ్ళలోకి చూసి, ఇదంతా ఒక ఆడమనిషి కోసం చేసిన పొరపాటని చెప్పడం పెంగెల్లీ వల్ల కాలేదు. సాయంత్రానికల్లా పెద్దాయన వేధశాల పచ్చికలో డేరాకు పురమాయించాడు. చల్లటి మటనూ, అల్లం బీరూ చెప్పాడు. గవర్నరు గారికి ఆహ్వానం రాశాడు. పెంగెల్లీ మాత్రం సోమవారం దాకా టెలిగ్రాంలు తిరగేస్తూనే ఉన్నాడు. నలభై ఆరు జవాబులొచ్చాయి. యాల్గరా బే నుంచి రోజువారీ అంకెలు తప్ప ఇంకేమీ రాలేదు.

బుధవారం పొద్దున్న ఏడింటి రైలు దిగి, ఒకరి వెనక ఒకరు, బారోమీటర్లు తలకిందులుగా పట్టుకుని జనం కొండ ఎక్కసాగారు. పాదరసం కదలకూడదంటే అలాగే మోయాలి. చూసేవాళ్ళకు మాత్రం అది ఏదో ఊరేగింపులా ఉంది. రొట్టెల కొట్టు ఆవిడ ఆపి, ఏం కాబోతోందని ఒకాయన్ని అడిగింది. తెలియదనీ, కాలనీలో వాతావరణం చూసేవాళ్ళందరినీ ఒకేసారి రమ్మన్నారనీ ఆయన నిజమే చెప్పాడు. ఎనిమిదికి సముద్రం పొంగుతుందన్నారు. తొమ్మిదికి పొంగడం దాటి భూకంపమైంది. పదింటికి బళ్ళు మూసి పిల్లల్ని ఇళ్ళకు పంపేశారు. రేవులో మూడు ఓడలు బయల్దేరమని మొండికేశాయి. గవర్నరు గారికి జలుబు చేసిందని కబురొచ్చింది.

పదిన్నరకు హార్బర్ మాస్టర్ రొప్పుతూ కొండెక్కి, ఏం రాబోతోందో చెప్పమన్నాడు. ఏమీ రావడం లేదన్నాడు డాక్టర్ లిడ్జెట్. అయితే ఆ ముక్కే కాగితం మీద రాసి పటంతో సహా ఇస్తే ఓడల్ని పంపేస్తానన్నాడు హార్బర్ మాస్టర్. పెద్దాయన పెంగెల్లీ వైపు తిరిగాడు. పెంగెల్లీ ఖాళీ పటం చూపించాడు. అంకెలు పంపాల్సినవాళ్ళంతా డేరాలో మటన్ తింటున్నారు. వాళ్ళ నలభై ఆరు బారోమీటర్లూ బల్లల మీద వరసగా నిలబడి, డేరాలో వాతావరణం ఎలా ఉందో చెబుతున్నాయి.

“అంటే కాలనీ మొత్తం మీద ఇవాళ గాలి ఎటు వీస్తోందో చెప్పగలిగిన మనిషే లేడన్నమాట” అన్నాడు హార్బర్ మాస్టర్. డేరాలోంచి నవ్వులు వినిపించాయి. ఏళ్ళ తరబడి ఒకరి పేరు ఒకరు అచ్చు కాగితాల్లో చూసుకున్నవాళ్ళు మొదటిసారి ముఖాలు చూసుకుంటున్నారు. బిర్రాబీన్ గుమాస్తా, మీర్ దాద్ భుజం మీద చెయ్యి వేసి, పద్దెనిమిది వందల తొంభై ఒకటిలో పడ్డ వాన గురించి చెప్పిందే చెబుతున్నాడు. అక్కడ వచ్చినవాళ్ళలో పెంగెల్లీకి కావలసిన ముఖం ఒక్కటీ లేదు. ప్రతి రైలుకూ, ప్రతి ఓడకూ గేటు దాకా వెళ్ళి చూసి వచ్చాడు.

అప్పుడే ఫిన్నీ స్వయంగా, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా, ఒక టెలిగ్రాం పట్టుకుని వచ్చాడు. ‘యాల్గరా బే. ఉదయం తొమ్మిది. అందరూ అక్కడే ఉంటే ఇక్కడ చూసేవాళ్ళుండాలి కదా అని ఆగాను. బారోమీటరు తెల్లారినప్పట్నుంచి జారిపోతోంది, ఇంత కిందికి నేనెప్పుడూ చూడలేదు. నైరుతి గాలి. పక్షులన్నీ లోపలికి వచ్చేశాయి. ఓడల్ని వదలకండి. కర్నో.’

పెంగెల్లీ ఆ ఒక్క అంకెను పటం మీద పడమటి కొసన వేశాడు. పాదరసం ఎంత దిగితే తుఫాను అంత పెద్దదనీ, పైగా ఆమె బారోమీటరు వెంట్రుకవాసి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అసలు సంగతి ఇంకా ఘోరమని హార్బర్ మాస్టరుతో చెప్పాడు. జెండా ఎగిరింది. నాలుగు గంటలకు గాలి వచ్చింది. మొదట డేరా పోయింది, తరవాత వేధశాల వంటింటి రేకులు, దాని తరవాత రేవులో చెక్కవంతెన. నలభై ఆరుగురూ బారోమీటర్లను పసిపిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని దుర్భిణి గదిలో తలదాచుకున్నారు. మనిషికి మాత్రం దెబ్బ తగల్లేదు. ఆ మూడు ఓడలూ ఉదయమే వెళ్ళి ఉంటే ఆ వేళకు రేవు అవతలి రాళ్ళ దగ్గర ఉండేవి.

డాక్టర్ లిడ్జెట్ తుఫానును వారం ముందే పసిగట్టి, పరిశీలకులను రహస్యంగా పిలిపించి, ఊరిని కాపాడాడని పత్రికలు రాశాయి. ఆయన ఒకటి రెండు రోజులు కాదన్నాడు. మూడో రోజు ఊరుకున్నాడు.

నెలాఖరు కాగితాలు ఆగస్టు మొదటి వారంలో వచ్చాయి. పెంగెల్లీ కట్టలోంచి యాల్గరా బే కాగితం తీసి, తలుపు దగ్గరికి వేసి, చివరి గడి చూశాడు. ‘సర్క్యులర్ అందింది. అందరినీ పిలిచారు గనక రాలేదు. నన్నొక్కదాన్నే పిలిచి ఉంటే తొమ్మిది గంటల లెక్క కొన్నాళ్ళు మా చెల్లెలు చూసేది. ఇది వాతావరణ విషయం కాదు.’

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తరవాత నేరుగా పెద్దాయన గదికి వెళ్ళి, కేంద్రాలన్నిటికీ తానే వెళ్ళి బారోమీటర్లు తనిఖీ చేస్తానన్నాడు. ఆ వారంలో ఏది అడిగినా ఇచ్చేలా ఉన్న డాక్టర్ లిడ్జెట్ వెంటనే సంతకం పెట్టి, ఏడు నెలల గడువుతో జాబితా చేతికిచ్చాడు. జాబితా ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉంది, యాల్గరా బే అట్టడుగున. పెంగెల్లీ దాన్ని కింది నుంచి మొదలుపెట్టాడు.

రెండు రోజులు ఆవిరి ఓడలో వాంతులు చేసుకుంటూ వెళ్ళి, యాల్గరా బేలో దిగేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువ. తంతి ఆఫీసు పెరట్లో ఒకామె వానకొలత డబ్బా మీదికి వంగి ఉంది. పొడుగు మనిషి. జుట్టు అక్కడక్కడా నెరిసింది. అడుగుల చప్పుడు విని, తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టి ఆగమంది. అంకె రాసుకుని, ఏడుకు అడ్డగీత పెట్టి, అప్పుడు చూసింది.

“పెంగెల్లీని” అన్నాడు అతను. “ఆ టెలిగ్రాం మీకొక్కరికే.”

“అందులో ఊరి పేరు లేదు.”

“రాయలేకపోయాను. ఫిన్నీ చూస్తాడని...”

మిస్ కర్నో కలం మూత పెట్టింది. “చినుకులో నూరో వంతు కూడా వదలకుండా పదకొండేళ్ళు రాసి పంపాను మీకు. మీరు ఒక్క పేరు రాయలేకపోయారు.”

సముద్రం మీంచి గాలి వచ్చి అతని టోపీ ఎగరగొట్టింది. ఆమె వెళ్ళి టోపీ తెచ్చి, దులిపి, చేతికివ్వకుండా తన దగ్గరే పెట్టుకుని, టీ తాగారా అని అడిగింది.

ఆ తనిఖీ రిజిస్టరు వేధశాలలో ఇప్పటికీ ఉంది: పూర్తయిన కేంద్రాలు ఒకటి, మిగిలినవి నలభై ఆరు.