బావమరిది కొలతలు

ఆ రోజు వడ్రంగికి పనులు రెండే. తొమ్మిదింటికి కాలేజీలో మనస్తత్వశాస్త్రం గది తలుపుకి గడియ బిగించాలి. పదకొండింటికల్లా ఆసుపత్రికి వెళ్లి బావమరిదికి ధైర్యం చెప్పాలి. మొదటిది తేలిక.

బావమరిది దర్జీ. కడుపులో గడ్డ లేచింది. కోయకపోతే రెండు నెలలు బతకడం కష్టమన్నాడు డాక్టరు. కోయించుకోనని దర్జీ మంకుపట్టు పట్టాడు. పన్నెండులోగా ఒప్పుదల కాగితం మీద సంతకం పెట్టకపోతే ఆపరేషన్ వంతు ఇంకొకరికి వెళ్లిపోతుంది. మళ్లీ వంతు వచ్చేది మూడు నెలలకి.

"నా మాట వాడు వినడు. మీరంటే వాడికి గురి," అంది వడ్రంగి భార్య. "రెండు మంచి మాటలు చెప్పండి. నలభై ఏళ్లుగా నాతో అనకుండా దాచుకున్నవి బోలెడుంటాయిగా, అందులోంచి తియ్యండి."

వడ్రంగి తల ఊపి సంచి భుజాన వేసుకున్నాడు.

కాలేజీలో పరిశోధన చేసే అమ్మాయి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ప్రయోగానికి రావలసిన మనిషి రాలేదట.

"బాబాయ్, ఒక్క అరగంట కూర్చోండి. నోటికొచ్చిన మాట ఒక్కోటీ చెప్తూ ఉండండి. నేను మధ్యమధ్యలో ఊఁ అంటుంటాను. ఎదుటివాళ్లు ఊఁ కొడితే మనిషి ఏం నేర్చుకుంటాడో చూస్తున్నాం."

వడ్రంగి కూర్చున్నాడు. ఉలి, రంపం, సుత్తి అన్నాడు. అమ్మాయి పలకలేదు. పనిముట్లన్నీ అయిపోయాక ఏది తోస్తే అది అన్నాడు. "గొయ్యి" దగ్గర అమ్మాయి "ఊఁ" అంది.

అతని మాటకు ఊఁ కొట్టిన మనిషి లేడు. కొట్టడానికి మాట ఉండాలి కదా. ఆ ఊఁ లోపలెక్కడో వెచ్చగా తగిలింది. ఈ పిల్లకి కావలసినవి ఇలాంటివన్నమాట అనుకున్నాడు. పెట్టె అన్నాడు, మట్టి అన్నాడు, శవం అన్నాడు. ఇంకో ఊఁ వచ్చింది. అరగంటయ్యేసరికి చావుకి సంబంధించిన మాట ఒక్కటి మిగల్చలేదు. గడియ సంగతి మరిచిపోయి ఆసుపత్రికి నడిచాడు.

మంచం పక్కన భార్య కళ్లతోనే తొందరపెట్టింది. వడ్రంగి గొంతు సవరించుకున్నాడు.

"ఈ గుమ్మం ఇరుకు."

"ఊఁ," అన్నాడు దర్జీ నీరసంగా.

అంతే, వడ్రంగి నాలుకకు దారి దొరికింది.

"ఏటవాలుగా తిప్పితేగానీ బయటికి రాదు."

"ఏది రాదు బావా?"

"పెట్టె."

భార్య మోచేత్తో పొడిచింది. దర్జీ కళ్లు పెద్దవి చేసి, "ఊఁ" అన్నాడు.

వడ్రంగి సంచిలోంచి టేపు తీశాడు. చేతులు వాటంతటవే కొలిచాయి. "ఐదడుగుల ఆరంగుళాలు. నీకు టేకు దండగ. మామిడి చెక్క చాలు."

"మామిడా?" దర్జీ మోచేతుల మీద లేచాడు. "నీ పెళ్లికి కోటు కుట్టినప్పుడు నేను నాసిరకం గుడ్డ వేశానా? లోపలి గుడ్డ కూడా పట్టు వేశాను కదయ్యా."

పక్క మంచం ముసలాయన మెల్లగా ఇటు తిరిగాడు. "నాకూ ఓసారి కొలత చూస్తారా? మావాళ్లకి ఇలాంటివి తెలీవు."

వడ్రంగి ఆయన్నీ కొలిచాడు. భార్య కొంగులో మొహం దాచుకుని ఏడుపు మొదలెట్టింది. ఈ లోపల వచ్చిన నర్సు, టేపునీ ఏడుస్తున్న భార్యనీ చూసి, ఎవరో పోయారనుకుని దర్జీ మంచం చుట్టూ తెర లాగేసింది. దాంతో అవతల వరసలో ఒకావిడ శోకం మొదలుపెట్టింది. రెండు నిమిషాల్లో ఇద్దరు మనుషులు తెల్లదుప్పటి వేసిన తోపుడు మంచంతో వచ్చి, తెర తీసి, "ఎవరండీ పోయింది?" అనడిగారు.

దర్జీ ఆ దుప్పటి వంక చూశాడు. బావ చేతిలో టేపు వంక చూశాడు.

"అక్కా, ఆ కాగితం ఇలా ఇయ్యి," అన్నాడు. "ఈయన చేతి మామిడిపెట్టెలో పడుకునే కంటే కోయించుకోవడమే నయం."

సంతకం పెట్టేసరికి పన్నెండుకి అయిదు నిమిషాలుంది.

గడ్డ తీసేశారు. నాలుగో రోజుకి దర్జీ లేచి కూర్చుని, ఆసుపత్రి చొక్కా కుట్టు వంకరగా ఉందని నర్సుతో గొడవకి దిగాడు. వడ్రంగి భార్య మాత్రం మొగుడితో మాట్లాడటం మానేసింది. ఆ సంగతి అతనికి మూడో రోజున తెలిసింది.

అయిదో రోజు గడియ బిగించడానికి కాలేజీకి వెళ్లాడు.

"అమ్మాయ్, మా ఆవిడకి నువ్వే చెప్పాలి. ఆ చావుమాటలు నాకు నేర్పింది నీ ఊఁలే అని."

అమ్మాయి జరిగిందంతా విని, నోట్సు తిరగేసింది. "సగంమందికి ఒక రకం మాటలకే ఊఁ అంటాం బాబాయ్. మిగతా సగానికి ఏం మాట్లాడినా పట్టించుకోకుండా, గడియారం చూసి నిమిషానికోసారి అంటాం. మీరు ఆ రెండో సగం. పైగా నేను మొదటి ఊఁ అనకముందే మీరు ఇంకో రెండుసార్లు గొయ్యి, ఒకసారి మామిడి చెక్క అన్నారు. ఆ రోజు పొద్దున్న ఎవరి గురించైనా దిగులు పడ్డారా?"

వడ్రంగి గడియ బిగించాడు. రెండుసార్లు వేసి, తీసి చూశాడు.

"ఊఁ," అన్నాడు.