తోకచుక్కకు అడ్డొచ్చిన కొబ్బరిచెట్టు

తొంభై ఏడు ఏప్రిల్లో ఒకరోజు సూర్యారావుగారు కాఫీ అయినా తాగకుండా, కొబ్బరికాయలు దింపే వీరన్నకి కబురుపెట్టారు. పని చిన్నదే. పెరటి కొబ్బరిచెట్టుకి నాలుగు మట్టలు కొట్టించాలి. సాయంత్రం ఆ సందులోంచి తోకచుక్కని ఫొటో తీయాలి.

బావమరిది మస్కట్ నుంచి కెమెరా తెచ్చిచ్చిన దగ్గర్నుంచి ఆయనకి ఆకాశం పిచ్చి పట్టుకుంది. రెండు రీళ్లు తగలేసినా చుక్క పడలేదు. "కొబ్బరాకులు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేయండి" అని అమలాపురం స్టూడియో అతను నలుగురిలో నవ్వాడు. చుక్కేమో రోజురోజుకీ కిందికి దిగిపోతోంది. ఇవాళ తప్పితే ఇక ఈ జన్మకి లేదు.

"ఎలాగూ వీరన్న చెట్టెక్కేడు కదా, కాయ కూడా దింపించెయ్యండి" అంది భార్య అచ్చాయమ్మ.

"వచ్చే నెల ధర పెరుగుద్ది. నువ్వూరుకో."

కొబ్బరి ధర విషయంలో ఆ ఊళ్లో ఆయన మాటకి తిరుగులేదు మరి. ఆయన కాయ దింపితే మర్నాడే ధర పడుతుందని పేరు. అందుకే చెట్టు మీద వీరన్నని చూడగానే పక్కింటి ధర్మరాజు గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండీ బాబాయిగారూ, దింపు మొదలెట్టేసేరా?"

ఫొటో సంగతి చెబితే మళ్లీ నవ్వుతారని ఆయన భయం. "అబ్బే, ఊరికేనోయ్" అనేసి, కొత్త రీలు కొనడానికి మోపెడ్ ఎక్కి చక్కాపోయారు. ఊరికే ఏ పనీ చేసే మనిషి కాదాయన. అంత తొందరగా టౌనుకి వెళ్లారంటే మార్కెట్టు వాళ్లని కలవడానికేనని ధర్మరాజుకి రూఢి అయిపోయింది.

ఆయన తిరిగొచ్చేసరికి ఊళ్లో ఏ చెట్టు చూసినా మనిషే. వీధి పొడుగునా కాయల గుట్టలు.

"ఏంట్రా వీరన్నా ఈ హడావిడి?"

"మీరే కదండీ మొదలెట్టేరు!" అన్నాడు వీరన్న ఎవరి చెట్టు మీంచో.

"నేను కొట్టించింది మట్టలేరా!"

"ఆయ్. పెద్దోళ్లు అలాగే అంటారండి."

పొద్దుగుంకింది. డాబా మీద స్టాండు నిలబెట్టి చూస్తే, మట్టల సందులో తోకచుక్క తెల్లగా మెరిసింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. కెమెరా నొక్కబోయేంతలో కాయల కోసం వచ్చిన లారీ సరిగ్గా డాబా మీదికే లైట్లు కొట్టింది. దాని వెనకాల ఇంకో లారీ.

ఆయన పంచె ఎగ్గట్టి వీధిలోకి ఉరికారు. "లైట్లార్పండి బాబూ! మీకు దణ్ణం పెడతాను, ఒక్క ఐదు నిమిషాలు!"

ధర్మరాజుకి వెంటనే తట్టింది. "పక్క ఊరోళ్ల కంట పడకూడదని గావాల్రా! ఇళ్లల్లో కూడా ఆపేయండి!"

చూస్తూండగానే ఊరంతా చీకటైపోయింది. అంత చీకటి సూర్యారావుగారు కలలో కూడా కోరుకోలేదు. ఆనందం పట్టలేక పరుగున డాబా ఎక్కి ఫొటో తీశారు. ఈసారి చుక్క తోకతో సహా పడింది.

వారం తిరిగేసరికి ధర నిజంగానే పడిపోయింది. ఎందుకు పడిందో ఆయనకీ తెలీదు. ఊరంతా గట్టెక్కింది. కాయ చెట్టు మీద మిగిలిపోయింది ఆయనొక్కరికే. అచ్చాయమ్మ రెండు రోజులు ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

కృతజ్ఞతగా ధర్మరాజు అరటిగెల మోసుకొచ్చాడు. గోడ మీద పటం కట్టించిన తోకచుక్కని చూసి భక్తిగా చేతులు జోడించాడు.

"మీకు ధర చెప్పేది ఇదన్నమాట! మళ్లీ ఎప్పుడొస్తాదండీ?"

"రెండు వేల ఏళ్ల పైమాటే."

"ఆయ్. అప్పుడు మాత్రం ఓ రోజు ముందుగా చెప్పండి బాబాయిగారూ, ఒక్కసారిగా అంటే మనుషులు దొరకట్లేదు."