సర్కారు బుడ్డి, తిప్పపాలెం దొరువు

ఆ గురువారం పొద్దున అంకాలమ్మ అనుకున్న పని చాలా చిన్నది. తెల్లవారగానే దొరువులో పాత నీళ్లు తోడెయ్యాలి, కొత్త నీళ్లు ఊరనివ్వాలి. ఎనిమిదింటికి నెల్లూరు నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు వస్తాడు, గాజుబుడ్డిలో నీళ్లు పట్టుకుంటాడు, వెళ్లిపోతాడు. ఆమె మళ్లీ తన ఎండుచేపల దగ్గరికి వెళ్లిపోవచ్చు.

దొరువంటే ఇసకలో నిలువులోతు తవ్విన గుంట. దిగడానికి అయిదు తాటిదుంగల మెట్లు, అడుగున ఊట. కూతవేటు దూరంలో సముద్రం ఉన్నా నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లే. అంకాలమ్మ అత్తగారు దాన్ని తవ్వించిన నాటి నుంచి తిప్పపాలెం మొత్తం ఆ నీళ్లే తాగుతోంది. పాత నీళ్లు తోడెయ్యందే కొత్త నీళ్లు ఊరవని అత్తగారి మాట. అత్తగారు పోయినా ఆ మాట కోడలి మీద అధికారం చేస్తూనే ఉంది.

ఇప్పుడు, పంతొమ్మిది వందల అరవై రెండులో, ఆ నీళ్లు తాగొచ్చో లేదో తేల్చాలని సర్కారుకు తోచింది. మంచివని రాస్తే దొరువుకు సిమెంటు వరలు దించుతారు. కావని రాస్తే ఇసకతో పూడ్చేస్తారు. అప్పుడు ఆడవాళ్లు బిందెలతో పడవెక్కి, ఉప్పుకాలువ దాటి, రోడ్డు పక్కనున్న బోరింగు పంపు దగ్గరికి వెళ్లాలి. ఆ పంపు నీళ్లలో కందిపప్పు పొద్దుగూకేదాకా ఉడికినా గులకరాయిలాగే ఉంటుంది.

"మా అత్త తాగి ఎనభై ఏళ్లు బతికింది. ఇంతకంటే ఏం చీటీ కావాలంట?" అని అంకాలమ్మ నెల రోజులుగా కనిపించిన వాళ్లందరినీ అడుగుతోంది. ఆమె మండిపాటులో న్యాయం ఉంది. కాని న్యాయానికి రబ్బరుముద్ర ఉండదు కదా.

పంచాయతీ ప్రెసిడెంటు కామాక్షయ్య మంచివాడే. ఊరికే కూర్చోమంటే మాత్రం ఆయన వల్ల కాదు. సున్నం వేస్తే నీళ్లు శుద్ధి అవుతాయని ఎవరో చెప్పగా విని, ఆ పొద్దున అంకాలమ్మ కంటే ముందే వచ్చి, అర బస్తా సున్నం దొరువులో కుమ్మరించి వెళ్లాడు. ఆ వెనకే అంకాలమ్మ కోడలు కామమ్మ వచ్చింది. ఎన్నడూ చూడని పెద్దమనిషి కళ్లు మొదటిసారి ఊట మీద పడబోతున్నాయి, దిష్టి తగలకుండా చూడాలి కదా! గంగమ్మను తలుచుకుని గంపెడు పసుపు నీళ్లలో చల్లి, దండం పెట్టుకుని పోయింది.

పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో మన ఇళ్లలో పసిపిల్లనడిగినా చెబుతుంది. పళ్లెంలో కలుపుకుంటాం, దిష్టి తీసి వీధిలో పారబోస్తాం. అంకాలమ్మ వచ్చి చూసేసరికి ఊరు ఊరంతటికీ దిష్టి తీయగలిగినన్ని ఎర్రనీళ్లు దొరువు నిండా తయారుగా ఉన్నాయి.

"కామమ్మా! ఎవురే ఈ పని చేసింది?"

"నేను పసుపే గదత్తా వేసింది. సున్నం నేనెరగను."

"సున్నం నాది," అన్నాడు అప్పుడే వచ్చిన కామాక్షయ్య, మెల్లగా. "శుద్ధి కోసరం వేసినానక్కా."

"నువ్వు శుద్ధి చేసినావు, ఇది దిష్టి తీసింది. ఇంక గుమ్మడికాయ పగలగొట్టడమే తరువాయి! చూస్తా ఉండారేంది? తోడండి!"

పదిమంది ఆడవాళ్లు బిందెలు, ముంతలు పట్టుకుని దిగారు. ఒకసారి తోడితే గులాబీ రంగు మిగిలింది. మళ్లీ తోడారు, అడుగు ఇసక తేలేదాకా తోడారు. ఇక గంట ఆగితే చాలు, తేటనీళ్లు ఊరతాయి. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు సమాధానం గారు గొడుగు వేసుకుని, బుడ్డి ఉన్న పెట్టె చంకన పెట్టుకుని, ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వచ్చారు. సర్కారు మనిషి చెప్పిన వేళకు రావడం ఆ ఊళ్లో అదే మొదలు.

ఆయన ముందుగా గట్టు మీద ఎర్రటి ఇసకను చూశారు. "ఇక్కడ చేపలు కోస్తారా?"

"లేదు సారూ, దిష్టి నీళ్లు," అంది కామమ్మ.

ఆయన ఏదో రాసుకున్నారు. తర్వాత దొరువులోకి తొంగి చూశారు. "నీళ్లేవమ్మా?"

"తోడేసినాము సారూ. గంటలో ఊరతాయి," అంది అంకాలమ్మ.

"నేను వస్తానని తెలిసి తోడేశారా?"

"మీరు వస్తారనే తోడేసినాము."

ఇంతకంటే నిజమైన మాట లేదు, ఇంతకంటే చెడ్డగా వినిపించే మాటా లేదు. సమాధానం గారి పెన్సిలు మళ్లీ కదిలింది. అది చూసి కామాక్షయ్యకు చెమటలు పట్టాయి. ఊరి పరువు కాపాడదామని తన ఇంటికి పరిగెత్తి, కుండల్లో నిలవున్న నీళ్లు రెండు కావళ్లు మోయించుకొచ్చాడు. ఇన్‌స్పెక్టరు అటు తిరిగి ఉన్నప్పుడు దొరువులో పోయించబోయాడు. మొదటి కుండ వంచగానే ఆయన ఇటు తిరిగారు.

"ఓహో! ఊటంటే ఇదన్నమాట!"

ఆయన తాటిమొద్దు మీద కూర్చుని, దొరువుకు వీపు పెట్టి, మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు పెట్టి, చెరగని పెన్సిలుతో గట్టిగా నొక్కి రాసి, పైకి చదివారు. "తిప్పపాలెంలో ఊట లేదు. నీళ్లు లేవు. బయటి నీళ్లు పోసి అధికారిని మోసగించ చూశారు. గుంట పూడ్పించవలెను."

కామాక్షయ్య తల దించుకున్నాడు. అంకాలమ్మ గబగబా మెట్లు దిగి, పోసిన ఆ కుండెడు నీళ్లూ ముంతతో తోడి బయటికి విసిరి, అట్టడుగు మెట్టు మీద కూర్చుంది.

"పూడ్చండి," అంది. "నేను ఈడనే ఉండాను. నా మీద పొయ్యండి ఇసక."

"బయటికి రామ్మా. ఇది గవర్నమెంటు ఆర్డరు."

"గవర్నమెంటు వచ్చి మా కోడలికి పప్పు ఉడకబెట్టిస్తాదా? పొద్దన్నే పడవెక్కి బిందెలు మోస్తాదా? నేను రాను!"

లోపల భయంగానే ఉంది, కాని అది ఎవరికీ కనపడనివ్వలేదు. కాసేపటికి పాదాలకు నీళ్లు చల్లగా తగిలాయి. ఆమె ఒక మెట్టు పైకి జరిగి కూర్చుంది.

సమాధానం గారు పెట్టె సర్దుకుని పడవ రేవుకు వెళ్లారు. పడవ అంకాలమ్మ తమ్ముడు చిన్నపోలయ్యది. అతనికి సరిగ్గా అప్పుడే పడవ అడుగున చిల్లి కనిపించింది. "మాపటికి గాని పూడదు సారూ," అన్నాడు, చిల్లి ఎక్కడుందో మాత్రం చూపించకుండా. ఇన్‌స్పెక్టరు గారు రోహిణి కార్తె ఎండలో ఆ ఇసకంతా మళ్లీ తొక్కుకుంటూ వచ్చేసరికి అంకాలమ్మ కింద నుంచి నాలుగో మెట్టు మీద ఉంది.

ఆయన మొద్దు మీద కూలబడి, ఎండిన నాలికతో అడిగారు. "అమ్మా, కాసిని మంచినీళ్లు ఇప్పించండి."

"యాడివి సారూ? ఈ ఊళ్లో నీళ్లు లేవు గదా."

"అది కాగితంలో మాట!"

"కాగితం మీదే గదా సారూ. సర్కారు లేదన్న నీళ్లు సర్కారు మనిషికి పోస్తే రేపు మా మీద కేసు పెడతారు. మీరు పెద్దోళ్లు, ఏమన్నా తట్టుకుంటారు. మేం చేపలోళ్లం."

ఆడవాళ్లంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సమాధానం గారు కోపంగా లేచి గుంటలోకి చూశారు. అద్దంలాంటి నీళ్లు నాలుగో మెట్టును తాకుతున్నాయి. అడుగున ఇసక రేణువులు ఊటకు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఎవరు పోశారివి?"

"మా అత్త," అంది అంకాలమ్మ. అని, ముంత కడిగి నింపి, చేయి చాచి ఇచ్చింది. ఎంత మొండిదైనా దాహమన్న మనిషిని నిలబెట్టి చూడగలిగే గుండె కాదది.

ఆయన మూడు ముంతలు ఖాళీ చేసి, బుడ్డి నింపి, సీలు వేశారు. తర్వాత రాసిన కాగితం చూసుకుని దిగాలు పడ్డారు. "మూడు కాపీలమ్మా. చెరగని పెన్సిలు. రాసింది కొట్టెయ్యడానికి రూల్సు ఒప్పుకోవు. ఈ దొరువు ఎండిపోయినట్టే లెక్క."

"ఇన్ని నీళ్లు పెట్టుకునా?"

ఆయన పెట్టెలో వెతికి మరో ఫారం తీశారు. అది కొత్తగా కనుగొన్న జలాధారాలకు వేరే ఉన్న ఫారం. కనుగొన్నవారు: అంకాలమ్మ. స్థలం: ఎండిన గుంట ఉన్న చోటే. ఇంతకుముందు ఈ నీటిని ఎవరైనా తాగి ఉన్నారా అన్న దగ్గర పెన్సిలు ఆగింది.

"లేదని రాయాలమ్మా. తాగారంటే ఇది పాతదే అయిపోతుంది."

అంకాలమ్మ అత్తగారు తవ్వించిన ఊట వైపు ఒకసారి చూసింది. "మా అత్త తాగలేదంట! రాసుకో సారూ. మేం తాగేది కాగితాన్ని కాదు గదా," అని వేలిముద్ర వేసింది.

నలభై రోజులకు లాబొరేటరీ నుంచి జవాబు వచ్చింది. వరలు కూడా దిగాయి. కామాక్షయ్య ఆ జవాబును చావడి ముందు నిలబడి ఊరందరికీ చదివి వినిపించాడు. దాని ప్రకారం, మూడు తరాలుగా తిప్పపాలెం తాగుతున్న నీళ్లు ఆ నెల పదిహేడో తేదీ నుంచి తాగడానికి పనికొస్తాయి.